గుర్రాల అంతర్జాతీయ రవాణా – వ్యాధి నియంత్రణ: ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

దక్షిణ భారత చరిత్ర రచనలో గుర్రానికి యుద్ధసాధనంగా, రాజచిహ్నంగా, సముద్ర వ్యాపారంలో విలువైన సరుకుగా ప్రాధాన్యం లభించింది. విజయనగర సైన్యవ్యవస్థను వివరించే గ్రంథాలలో హోర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి వచ్చిన గుర్రాల ప్రస్తావన తప్పక కనిపిస్తుంది. ఓడ దిగిన గుర్రం తనతో ఏ వ్యాధిని తెచ్చింది, దాన్ని ఆపే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలకు మాత్రం ఆ రచనలలో తగిన చోటు దక్కలేదు.

గుర్రం దేశం దాటినప్పుడు దాని వెంట ఏదో ఒక సాక్ష్యం కూడా ప్రయాణిస్తుంది. మధ్యయుగాలలో అది గుర్రం ఓడ ఎక్కిందనడానికి రుజువు మాత్రమే. తరువాతి కాలంలో పశువైద్యుడి కంటిచూపు సాక్ష్యమైంది. ఆపైన చర్మపరీక్ష, రక్తపరీక్ష, నిర్ణీత దినాల నిరీక్షణ వచ్చి చేరాయి. నేడు గుర్రం బయలుదేరిన ప్రాంతం మొత్తం ఆరోగ్యస్థితిని ధ్రువీకరిస్తే తప్ప ఆ ప్రయాణం సాధ్యం కాదు. ఈ పరిణామాన్ని సూక్ష్మజీవశాస్త్ర పురోగతి ఫలితంగా మాత్రమే చూడటం పరిపాటి. శాస్త్రం పాత్రను కాదనలేం. అయితే వ్యాధి వల్ల కలిగే నష్టాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్నకు ఆయా కాలాలు ఇచ్చిన సమాధానాలే నియంత్రణ రూపాన్ని ఎక్కువగా నిర్ణయించాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. భారతదేశంతో శతాబ్దానికి పైగా గుర్రాల వ్యాపారం సాగించిన ఆస్ట్రేలియా అనుభవాన్ని, భారతదేశపు అనుభవాన్ని పక్కపక్కన ఉంచి ఈ ప్రతిపాదనను పరిశీలించవచ్చు.

2. చనిపోయిన గుర్రానికీ వెల

13వ శతాబ్ది చివరలో దక్షిణ తీరాన్ని చూసిన మార్కోపోలో, మాబార్ రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రాలు కొనేవాడనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరు కూడా మిగిలేవి కావనీ రాశాడు. ఆయన దృష్టిలో దానికి కారణం సంరక్షణ లోపం. అశ్వవైద్యం తెలిసినవారు, లాడాలు కట్టేవారు ఆ దేశంలో లేరనీ, గుర్రాలు చస్తేనే బేరం సాగుతుంది కాబట్టి వర్తకులు అటువంటివారిని అక్కడికి రానిచ్చేవారు కాదనీ ఆయన కథనం. విదేశీ యాత్రికుల అతిశయోక్తులను మినహాయించి చూసినా, ఇంత మరణానికి ఉక్కపోత, అలవాటు లేని మేత, కీటకాల ద్వారా వ్యాపించే రోగాలు అన్నీ తోడై ఉంటాయని ఊహించవచ్చు. ఆ వర్ణన ఆధారంగా ఫలానా వ్యాధి అని నేడు నిర్ధారించడం మాత్రం సాహసమే అవుతుంది.

విజయనగర కాలానికి వస్తే పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రచనలో ఒక విశేషమైన సమాచారం ఉంది. సాళువ నరసింహుడు హోర్ముజ్, ఏడెన్ల నుంచి గుర్రాలు తెప్పించేవాడనీ, వెయ్యి వరహాలకు మూడు చొప్పున బతికినవాటినీ చచ్చినవాటినీ ఒకే ధరకు కొనేవాడనీ ఆయన తెలిపాడు. సముద్రంలో చనిపోయిన గుర్రం తోకను తెచ్చి చూపితే చాలు, పూర్తి వెల ముట్టేది. కృష్ణదేవరాయలు హోర్ముజ్ గుర్రాలు, దేశవాళీ గుర్రాలు కలిపి ఏటా 13,000 కొనేవాడని కూడా నూనిజ్ పేర్కొన్నాడు. ఆముక్తమాల్యద రాజనీతి భాగంలో రేవులను అభివృద్ధి చేయాలనీ, ఏనుగులనూ గుర్రాలనూ తెచ్చే దూరదేశ వర్తకులను ఆదరించాలనీ, లేకపోతే అవి శత్రువుల పాలవుతాయనీ ఉన్న సూచన ఈ విధానానికి అనుగుణమైనదే. 1547లో సదాశివరాయల కాలంలో పోర్చుగీసువారితో కుదిరిన ఒప్పందంలోనూ గోవా రేవులో దిగే గుర్రాలు విజయనగరానికే దక్కాలన్నది ప్రధానాంశం.

ఇక్కడ తోక ఒక పత్రం చేసే పని చేసింది. అది వర్తకుడి నష్టాన్ని రాజకోశానికి బదిలీ చేసింది. గుర్రం ఎందుకు చనిపోయింది, అదే ఓడలో బతికి వచ్చిన తక్కిన గుర్రాల మాటేమిటి అని అడగవలసిన అవసరం ఆ లావాదేవీలో ఏ పక్షానికీ లేదు. శత్రువుకు గుర్రాలు దక్కడం వ్యాధి కంటే పెద్ద ప్రమాదంగా కనిపించిన కాలమది. అశ్వవైద్య జ్ఞానం లేకపోవడం దీనికి కారణం కాదు. శాలిహోత్ర సంప్రదాయం అప్పటికే శతాబ్దాల నాటిది. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్ర గ్రంథాన్నే రచించాడు. గుర్రం సుడులు, వన్నెలు, గుణదోషాలు, చికిత్సలు పండితులకు, సాహిణులకు తెలుసు. ఆ జ్ఞానం కొనబోయే గుర్రాన్ని ఎంచుకోవడానికి, ఉన్న గుర్రాన్ని కాపాడుకోవడానికి ఉద్దేశించినది. రేవులో గుర్రాన్ని నిలిపివేయడమన్న భావన దాని పరిధిలోకి రాలేదు.

3. వలస పాలనలో రేవు, చట్టం

19వ శతాబ్దిలో గుర్రాల రాకపోకల దిశ మారింది. అరేబియా, పారశీక తీరాలతోపాటు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ నుంచి సైనికావసరాలకు గుర్రాలు రావడం మొదలైంది. వాటికి ‘వేలర్’ అనే పేరు భారతదేశంలోనే పుట్టింది. కలకత్తా, మద్రాసు, బొంబాయి వీటి ప్రధాన విపణులు. మద్రాసుకు అప్పటికి కృత్రిమ నౌకాశ్రయం లేదు. ఆస్ట్రేలియా గుర్రాలను ఒడ్డుకు చేర్చే దృశ్యాన్ని 1834లో జె.బి. ఈస్ట్ చిత్రించాడు, అందులో కోరమాండల్ తీరపు మసూలా పడవలు, కట్టుమరాలు కనిపిస్తాయి. అటువంటి తీరంలో రోగగ్రస్తమైన గుర్రాన్ని వేరుచేసి నిలపడానికి చోటెక్కడ? రేవు కట్టడాలు వచ్చిన తరువాతనే తనిఖీకి అవకాశం కలిగిందన్న సాధారణ విషయాన్ని చట్టాల చరిత్ర రాసేవారు తరచు విస్మరిస్తారు.

వలస ప్రభుత్వానికి మొదట భయం కలిగించినది గ్లాండర్స్. ముక్కు నుంచి జిగట స్రావం, ఊపిరితిత్తుల్లో గడ్డలు దీని లక్షణాలు. చర్మం కింద గొలుసుకట్టుగా పుండ్లు లేచే రూపాన్ని ఫార్సీ అంటారు. ఇది గుర్రం నుంచి మనిషికీ సోకి ప్రాణం తీస్తుంది. గుర్రపుశాలల్లో పనిచేసే సాయీసులు, పశువైద్యులు దీని బారిన పడేవారు. 1879లో వచ్చిన చట్టం స్థానంలో 1899లో గ్లాండర్స్ అండ్ ఫార్సీ చట్టం అమలులోకి వచ్చింది. రోగం ఉన్నదని అనుమానించిన గుర్రాన్ని స్వాధీనం చేసుకునే అధికారం, రోగం నిర్ధారణ అయితే చంపించే అధికారం ఇన్స్పెక్టర్లకు, పశువైద్యులకు దఖలుపడ్డాయి. గాడిదలు, కంచరగాడిదలు కూడా దీని పరిధిలోకి వచ్చాయి. 1910 నాటి డౌరిన్ చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. డౌరిన్ సంపర్కం ద్వారా వ్యాపిస్తుంది కనుక, రోగం సోకిన మగగుర్రానికి వృషణచ్ఛేదం చేయించే అధికారాన్ని సైతం ఆ చట్టం కల్పించింది.

వీటి నడుమ 1898లో వచ్చిన పశుసంపద దిగుమతి చట్టం చాలా చిన్నది. గుర్రాలు, ఆవులు, ఒంటెలు, గొర్రెలు దాని నిర్వచనంలో ఉన్నాయి. సాంక్రమిక వ్యాధులుగా పిడుదుల తెగులు, ఆంత్రాక్స్, గ్లాండర్స్, ఫార్సీ, గజ్జిలను అది పేరుపెట్టి చెప్పింది. తక్కినవాటిని ప్రకటన ద్వారా చేర్చుకోవచ్చు. దిగుమతిని నిషేధించే, పరిమితం చేసే అధికారం కేంద్ర పాలనకు దక్కింది. ఒకటి రెండు పుటల ఈ శాసనమే 2001 సవరణతో నేటికీ అమలులో ఉండి, ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్, బెంగళూరు పశు క్వారంటైన్ కేంద్రాలకు ఆధారంగా నిలుస్తోంది.

ఆ జాబితాలో ‘సర్రా’ లేదు. భారతదేశంలోనే గుర్తించిన వ్యాధి అది. పంజాబు ప్రభుత్వం పంపగా గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, కదలాడే పరాన్నజీవిని కనుగొన్నాడు. క్షీరదాలకు రోగం కలిగించే ట్రిపనోసోమ్‌ను గుర్తించడం అదే ప్రథమం. జోరీగలు దీన్ని ఒక జంతువు నుంచి మరొకదానికి చేరవేస్తాయి. 1889లో పూనాలో మొదలై 1893లో ముక్తేశ్వర్‌కు తరలిన ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ ప్రయోగశాలలో ఆల్‌ఫ్రెడ్ లింగార్డ్ దీనిపై విస్తృతంగా పరిశోధించాడు. ఇంతటి శాస్త్రీయ కృషి జరుగుతున్న కాలంలోనే సర్రా భారతదేశం నుంచి బయటికి ప్రయాణించింది. 20వ శతాబ్ది ఆరంభంలో మారిషస్‌కు భారతీయ పశువులతో చేరింది. 1907లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పోర్ట్ హెడ్‌లాండ్‌లో భారతదేశం నుంచి దిగిన ఒంటెలలో కనిపించింది. వాటిని వధించి ఆస్ట్రేలియా ఆ ముప్పును తప్పించుకుంది.

వలస చట్టాలన్నీ లోపలికి చూసే చట్టాలన్న సంగతి దీని వల్ల తేటతెల్లమవుతుంది. సైన్యానికి వచ్చే గుర్రాన్ని కాపాడుకోవడం వాటి లక్ష్యం. బయటికి వెళ్లే జంతువు ఏ దేశానికి ఏ హాని చేస్తుందన్నది దిగుమతిదారు చూసుకోవలసిన వ్యవహారం. సాళువ నరసింహుడి కాలంలో కొనుగోలుదారు చేతులారా నష్టాన్ని స్వీకరించాడు. వలస కాలంలో కొనుగోలుదారు తన రేవులో తలుపు బిగించుకోవడం నేర్చాడు. అమ్మేవాడి బాధ్యత అన్నది రెండు కాలాలలోనూ లేదు.

సాక్ష్యం స్వభావం కూడా ఈ కాలంలోనే మారింది. 1882లో జర్మనీలో లెఫ్లర్, షూట్జ్ గ్లాండర్స్ సూక్ష్మజీవిని వేరుచేశారు. 1890–91 నాటికి రష్యాలో హెల్మన్, కల్నింగ్ మాలీన్ అనే పదార్థాన్ని తయారుచేశారు. కల్నింగ్ అదే వ్యాధి సోకి మరణించాడు. మాలీన్‌ను ఎక్కించినప్పుడు, పైకి పూర్తి ఆరోగ్యంగా కనిపించే గుర్రానికి సైతం లోపల రోగం ఉంటే వాపు, జ్వరం వస్తాయి. అనుభవజ్ఞుడైన సాహిణి చూపు, పశువైద్యుడి చేతి స్పర్శ ఇక అంతిమ ప్రమాణాలు కావు. గుర్రం ఏమీ లేనట్టు నిలబడి ఉన్నా దోషి కావచ్చునన్న భావన చట్టంలోకి ప్రవేశించడానికి ఈ పరీక్షే మార్గం వేసింది.

4. తిరిగి రాని గుర్రాలు

ఆ భావన పర్యవసానం మొదటి ప్రపంచ యుద్ధానంతరం కఠినంగా వ్యక్తమైంది. ఆస్ట్రేలియా నుంచి సుమారు 1,36,000 గుర్రాలు విదేశాలకు తరలివెళ్లాయి. యుద్ధం ముగిశాక స్వదేశం చేరినది ఒక్కటే. గలిపోలీలో గాయపడి 1915లో మరణించిన జనరల్ బ్రిడ్జెస్ గుర్రం ‘శాండీ’ అది. ఇంగ్లండులో మూడు నెలలు పశువైద్యుల పరిశీలనలో ఉండి, రోగరహితమని తేలాక, 1918 నవంబరులో మెల్‌బోర్న్ చేరింది.

తక్కినవాటికి క్వారంటైన్ నిబంధనలు అడ్డుపడ్డాయి. పశ్చిమాసియాలో యుద్ధం చేసిన గుర్రాలు సర్రా, గ్లాండర్స్ ఉన్న ప్రాంతాల్లో తిరిగినవి. ఆస్ట్రేలియా పశుసంపద ఆ రోగాలు లేనిది. ఖర్చు, ఓడల కొరత కూడా తోడయ్యాయి. యుద్ధాంతంలో మిగిలిన సుమారు 13,000 గుర్రాలలో 11,000 వరకు అమ్ముడయ్యాయి. వాటిలో అధికభాగం భారతదేశంలోని బ్రిటిష్ సైన్యానికి చేరాయి. దాదాపు 2,000 గుర్రాలను చంపేశారు. సైనికులు తమ గుర్రాలను పరాయివారి పాలు చేయలేక తామే కాల్చి చంపారన్న కథ ఆస్ట్రేలియా జనస్మృతిలో బలంగా నాటుకుంది. అమ్మకాల లెక్కలు ఆ కథను పూర్తిగా సమర్థించవు. ఇందులో భారతీయ పరిశోధకులు గమనించవలసిన అంశం వేరొకటి ఉంది. ఆస్ట్రేలియా తన భూమిపై అడుగుపెట్టనీయని గుర్రాలు భారతదేశానికి పనికివచ్చాయి. వ్యాధి భయం ఉన్న సరుకును దానికంటే తక్కువ రక్షణ గల దేశానికి మళ్లించడమన్న ధోరణి అధికార పత్రాలలో స్పష్టంగా రాయకపోయినా, ఓడలు వెళ్లిన దిశ దాన్ని పట్టి ఇస్తుంది.

5. పారిస్ ఒప్పందం, రెక్కల పురుగు

అంతర్జాతీయ సహకారానికి దారితీసిన ఘటనలో గుర్రం లేదు, భారతదేశం ఉంది. 1920లో దక్షిణాసియా నుంచి బ్రెజిల్‌కు వెళ్తున్న మూపురపు ఎద్దులు బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఆగగా, అక్కడ పశువుల మహామారి రిండర్‌పెస్ట్ పుట్టింది. దాంతో ఐరోపా ప్రభుత్వాలు కదిలాయి. 1921లో పారిస్‌లో సమావేశం జరిగింది. 1924 జనవరి 25న 28 దేశాలు అంతర్జాతీయ ఎపిజూటిక్స్ కార్యాలయం స్థాపనకు సంతకాలు చేశాయి. అదే నేటి ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ. సభ్యదేశాలు పరస్పరం తెలియజేసుకోవలసిన తొలి వ్యాధుల పట్టికలో గ్లాండర్స్, డౌరిన్ చోటు చేసుకున్నాయి. రోగం పుట్టిన దేశం దాన్ని దాచకుండా ప్రకటించాలన్న సూత్రం అమ్మేవాడి బాధ్యతకు తొలి రూపం. ప్రకటించిన దేశం వ్యాపారం పోగొట్టుకుంటుంది కనుక, నిజాయితీకి శిక్ష పడే ఈ వైరుధ్యం ఆనాటి నుంచీ ఆ వ్యవస్థను వెంటాడుతూనే ఉంది.

గుర్రాల విషయంలో ఈ వ్యవస్థకు పెద్ద పరీక్ష 1959లో ఎదురైంది. ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ అప్పటిదాకా ప్రధానంగా సహారాకు దక్షిణాన ఉన్న వ్యాధి. కులికాయిడిస్ జాతి నుసిపురుగులు వైరస్‌ను మోస్తాయి; గుర్రం నుంచి గుర్రానికి నేరుగా సోకదు. తీవ్రరూపంలో ఊపిరితిత్తుల్లో నీరు నిండి, ముక్కు నుంచి నురగ కారి, గుర్రం గంటల్లో చనిపోతుంది. 1959లో ఇరాన్‌లో కనిపించిన ఈ వ్యాధి మరుసటి ఏడాదికి పాకిస్తాన్, భారతదేశం మీదుగా తూర్పుకూ, ఇరాక్, టర్కీ, సైప్రస్‌ల మీదుగా పడమరకూ పాకింది. 1961 నాటికి మూడు లక్షలకు పైగా గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలు మరణించాయి. దక్షిణాఫ్రికాలోని ఒండర్‌స్టెపూర్ట్ సంస్థలో అలెగ్జాండర్ రూపొందించిన టీకా పద్ధతి ఆధారంగా సామూహిక టీకాలు వేసి దాన్ని అదుపుచేశారు.

సరిహద్దు తనిఖీకి ఈ వ్యాధి కొత్త చిక్కు తెచ్చింది. మాలీన్ పరీక్ష, డౌరిన్ చట్టం గుర్రాన్నే రోగ నివాసంగా భావించాయి. ఇక్కడ గుర్రాన్ని ఆపితే సరిపోదు. అది నిలిచిన చోట నుసిపురుగులు కుట్టకుండా దోమతెరల శాల కావాలి, అది బయలుదేరిన ప్రాంతంలో ఆ పురుగులు, ఆ వైరస్ రెండూ లేవని తేలాలి. 1987లో నమీబియా నుంచి మాడ్రిడ్ దగ్గరి వన్యప్రాణి ఉద్యానానికి తెచ్చిన జీబ్రాల వల్ల ఈ వ్యాధి స్పెయిన్‌లో ప్రవేశించి 1990 దాకా కొనసాగింది. జీబ్రా వ్యాధి లక్షణాలు దాదాపుగా చూపకుండానే వైరస్‌ను మోస్తుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ అశ్వక్రీడలు ప్రమాదంలో పడగా, క్రీడాస్థలం చుట్టూ వ్యాధిరహిత మండలాన్ని ఏర్పాటుచేసి నిర్వహించారు. దేశం మొత్తాన్ని ఒకే ప్రమాణంతో కొలిచే పద్ధతి అక్కడ సడలింది. 2020లో థాయ్‌లాండ్‌లో అదే వ్యాధి వందలాది గుర్రాలను బలిగొన్నప్పుడు కూడా అనుమానం దిగుమతి చేసిన జీబ్రాల మీదికే మళ్లింది. గుర్రం మీద నిఘా ఉంచిన వ్యవస్థ దాని దాయాదిని పట్టించుకోకపోవడం ముప్పై ఏళ్ల వ్యవధిలో రెండుసార్లు జరిగిందన్నమాట.

6. కఠినమైన తలుపు – ఆస్ట్రేలియా

1956 ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌కు దక్కినప్పుడు విదేశీ గుర్రాల రాకకు ఆస్ట్రేలియా క్వారంటైన్ చట్టాలు అడ్డుపడ్డాయి. నెలల తరబడి సాగే నిర్బంధంలో పోటీ గుర్రాన్ని ఉంచడం ఏ జట్టుకూ సాధ్యం కాదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒలింపిక్స్ కోసం కూడా చట్టాన్ని సడలించలేదు. ఫలితంగా అశ్వక్రీడలు మాత్రం అదే ఏడాది జూన్ 10 నుంచి 17 వరకు స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో జరిగాయి. తక్కిన పోటీలు నవంబరు, డిసెంబరు నెలల్లో మెల్‌బోర్న్‌లో జరిగాయి. ఒకే ఒలింపిక్స్ రెండు ఖండాలకు చీలిన ఈ ఉదంతం వ్యాధి నియంత్రణ చట్టం బలానికి నిదర్శనంగా పేర్కొనదగినది.

అంతటి దేశంలోనే 2007లో ఆ తలుపు తెరుచుకుంది. మధ్యకాలంలో పరిస్థితి చాలా మారింది. విమానయానం వచ్చాక నెలల ప్రయాణం గంటలకు కుదించుకుపోయింది. ఓడ ప్రయాణమే అప్రయత్నంగా కల్పించిన నిరీక్షణ కాలం మాయమైంది. పందెపు గుర్రాల సంతానోత్పత్తి అంతర్జాతీయ పరిశ్రమగా ఎదిగింది. ఉత్తరార్ధగోళంలో ఒక రుతువు, దక్షిణార్ధగోళంలో మరొక రుతువు చొప్పున ఏటా రెండుచోట్లకూ తిరిగే మేలుజాతి మగగుర్రాలు దాని ఆదాయానికి మూలం. ఆ ఆగస్టులో జపాన్‌లో గుర్రాల ఇన్‌ఫ్లుయెంజా చెలరేగింది. అక్కడి నుంచి వచ్చిన గుర్రాలు సిడ్నీలోని ఈస్టర్న్ క్రీక్ క్వారంటైన్ కేంద్రంలో ఉండగా, ఆగస్టు 24న నగరంలోని సెంటెన్నియల్ పార్క్ గుర్రపుశాలల్లో వ్యాధి బయటపడింది. గుర్రాల కదలికలను వెంటనే స్తంభింపజేసినప్పటికీ న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలలో సుమారు పదివేల స్థలాలకు అది వ్యాపించింది. అంతకుముందు ఎన్నడూ ఆ వ్యాధి చూడని దేశం కనుక అక్కడి గుర్రాలకు రోగనిరోధక శక్తి లేదు. పందేలు ఆగాయి, వాటిపై ఆధారపడిన శిక్షకుల నుంచి లాడాలు కట్టేవారి దాకా జీవనోపాధి కోల్పోయారు.

మాజీ హైకోర్టు న్యాయమూర్తి ఇయాన్ కాలినన్ జరిపిన విచారణ నివేదిక 2008లో వెలువడింది. ఆస్ట్రేలియాలో హైకోర్టు అంటే దేశ అత్యున్నత న్యాయస్థానమని తెలుగు పాఠకులు గుర్తుంచుకోవాలి. జపాన్ నుంచి వచ్చిన గుర్రంతో ప్రవేశించిన వైరస్, కేంద్రం నుంచి బయటికి వెళ్లిన మనిషి దేహం, దుస్తులు లేదా పరికరాల ద్వారా తప్పించుకుని ఉండవచ్చునని ఆయన తేల్చారు. ఏ వ్యక్తి ద్వారా అన్నది నిర్ధారణ కాలేదు. లోపలికి వెళ్లినవారు బయటికి వచ్చేటప్పుడు స్నానం చేయాలి, దుస్తులు మార్చుకోవాలి అన్న ప్రాథమిక నియమాలు అమలు కాకపోవడం, పర్యవేక్షణ కొరవడటం నివేదికలో ప్రధాన విమర్శలు.

ఈ నివేదిక ప్రాధాన్యం ఆస్ట్రేలియాకే పరిమితం కాదు. ఇన్‌ఫ్లుయెంజా టీకా పొందిన గుర్రం లక్షణాలు చూపకుండానే వైరస్‌ను వెదజల్లగలదు. అందువల్ల టీకా పత్రం ఉన్న గుర్రం పత్రం లేని గుర్రం కంటే క్షేమకరమైనదని చెప్పలేని స్థితి ఏర్పడుతుంది. పత్రాలన్నీ సక్రమంగా ఉండగానే 2007 విపత్తు జరిగింది. చట్టం నిడివి పెరిగిన కొద్దీ క్వారంటైన్ ఆవరణలో గుర్రాన్ని తోమే మనిషి, గిట్టలు చెక్కే మనిషి దృష్టికి ఆనకుండా పోయారు. ఒలింపిక్స్‌ను వెనక్కి పంపిన దృఢత్వం ఒక స్నానాల గది దగ్గర నిలవలేదు.

7. భారతదేశం: రేవు నుంచి ఇటుక బట్టీ దాకా

దిగుమతి ద్వారమే వ్యాధి ద్వారమన్న అవగాహన భారతదేశంలో మరింత అసంపూర్ణంగా కనిపిస్తుంది. 2008 జూన్‌లో గుర్రాల ఇన్‌ఫ్లుయెంజా జమ్మూ ప్రాంతంలోని కట్రాలో మొదట వెల్లడైంది. వైష్ణోదేవి యాత్రికులను మోసే గుర్రాలు, కంచరగాడిదలు అక్కడివి. విమానంలో వచ్చిన పందెపు గుర్రం అక్కడ లేదు. ఆ వైరస్ అదే కాలంలో మంగోలియా, చైనాలలో కనిపించిన రకానికి దగ్గరిదని పరిశోధనలు తేల్చాయి. గ్లాండర్స్ సంగతీ అంతే. చాలాకాలం మరుగున ఉన్న ఆ వ్యాధి 2006లో మహారాష్ట్రలో మళ్లీ తలెత్తి, ఆపైన ఉత్తరాది రాష్ట్రాలలో పదేపదే కనిపిస్తోంది. ఇటుక బట్టీల్లో, బండ్లకు, బరువుల మోతకు వాడే జంతువులు ఒక సంత నుంచి మరో సంతకు చేతులు మారుతూ రాష్ట్రాలు దాటుతాయి. 1899 చట్టాన్నీ, డౌరిన్ చట్టాన్నీ రద్దుచేస్తూ వచ్చిన 2009 నాటి జంతు సాంక్రమిక వ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం వ్యాధి సమాచారం ఇవ్వడాన్ని యజమాని బాధ్యతగా చేసింది. గ్లాండర్స్‌కు చికిత్స అనుమతించరు. నిర్ధారణ అయిన జంతువును చంపవలసిందే. పరిహారం ఉన్నా, రోజుకూలీ దాని మీదే ఆధారపడిన యజమాని సమాచారం ఇవ్వడానికి వెనుకాడటం సహజం. 1924లో దేశాల నడుమ తలెత్తిన వైరుధ్యమే ఇక్కడ ఒక గాడిద యజమాని స్థాయిలో పునరావృతమవుతోంది.

ఎగుమతికి దీనివల్ల కలిగే ప్రతిబంధకం తీవ్రమైనది. భారతదేశంలో ఉన్న గుర్రం పోటీల కోసం విదేశాలకు వెళ్లడం చాలా కష్టం. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ జట్టు పోటీలో 41 ఏళ్ల తరువాత అశ్వక్రీడల స్వర్ణం సాధించిన భారత రైడర్లు ఐరోపాలో ఉంటూ, అక్కడి గుర్రాలతోనే శిక్షణ పొందినవారు. చైనా ఇటువంటి చిక్కును 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలకు ముందు చోంగ్‌హువాలో వ్యాధిరహిత మండలాన్ని నెలకొల్పి అధిగమించింది. భారతదేశం అనుసరించిన మార్గం దానికంటే ఇరుకైనది. 2025 జూలైలో మీరట్ కంటోన్మెంటులోని రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రం, కళాశాల ఆవరణ దేశంలో తొలి అశ్వ వ్యాధిరహిత కంపార్ట్‌మెంటుగా గుర్తింపు పొందింది. ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ ఎనీమియా, ఇన్‌ఫ్లుయెంజా, పైరోప్లాస్మోసిస్, గ్లాండర్స్, సర్రా అనే ఐదు వ్యాధులు అక్కడ లేవన్నది ఆ ప్రకటన సారం. ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ విషయంలో దేశం మొత్తం 2014 నుంచే వ్యాధిరహిత హోదా కలిగి ఉంది.

కంపార్ట్‌మెంటు భావనలో భౌగోళిక సరిహద్దుకు బదులు నిర్వహణ పద్ధతి సరిహద్దు అవుతుంది. కంచె, కీటక నియంత్రణ, సిబ్బంది రాకపోకల నమోదు, నిరంతర పరీక్షలు అందులో భాగాలు. కాలినన్ నివేదిక ఎత్తిచూపిన లోపాలకు ఇది ఒక విధంగా సమాధానమే. అయితే గ్లాండర్స్, సర్రాలను దేశం నుంచి తొలగించకుండానే, అవి లేని ఒక ఆవరణను దేశంలోంచి విడదీసి చూపడం దీని ఆచరణాత్మక ఫలితం. సైన్యపు గుర్రానికీ, క్రీడల గుర్రానికీ మార్గం ఏర్పడింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పొట్టిగుర్రాలు సుమారు 3.4 లక్షలు, గాడిదలు 1.2 లక్షలు, కంచరగాడిదలు 84 వేలు. మీరట్ కంచె బయట ఉన్న వీటిలో అత్యధికం ఏనాడూ దేశం దాటవు. వాటికి గ్లాండర్స్ పరీక్ష జరగడానికి ఎగుమతి ధ్రువపత్రం కారణం కాబోదు. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు రక్త నమూనాలు సేకరించి పంపడం మీదనే అది ఆధారపడి ఉంది.